గిట్టల పనికి సర్టిఫికెట్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

అమెరికన్ ఫారియర్స్ అసోసియేషన్ వారి 'సర్టిఫైడ్ ఫారియర్' (ఫారియర్ అంటే గుర్రాల గిట్టలు చెక్కి నాడాలు కొట్టే పనివాడు) అర్హత సంపాదించి ఏళ్లు గడిచాయి. టెక్సస్‌లో డల్లాస్‌కు ఉత్తరాన, గుర్రాల ఫారాలు వరుసగా కనిపించే డెంటన్ కౌంటీలో ఆ అర్హతతోనే గిట్టలు చెక్కుతున్నాను, నాడాలు కొడుతున్నాను. ఈ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లలు స్వారీ నేర్చుకుంటారు, కొందరు గుర్రాన్నే కొనుక్కుంటారు. ఆ తల్లిదండ్రులు, ఈ పని నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఆ సర్టిఫికెట్‌కు నిజంగా విలువ ఉందా అండీ?" ఉంది. అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు గురించి కూడా వివరంగా చెప్పాలి. ఎందుకంటే గుర్రం కాళ్లు బాగుపడటం, పాడవటం చాలావరకు అక్కడే తేలుతుంది.

అమెరికాలో గుర్రానికి నాడా కొట్టడానికి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. రేసు ట్రాకుల్లో పనిచేసేవారికి ఆయా రాష్ట్రాల రేసింగ్ కమిషన్ల అనుమతి కావాలి గానీ, మామూలు ఫారాల్లో, ఇళ్ల వెనుక కొట్టాల్లో ఆ అడ్డు లేదు. ఎవరైనా పనిముట్లు కొనుక్కుని రేపటి నుంచి ఫారియర్‌నని చెప్పుకోవచ్చు. బ్రిటన్‌లో అలా కుదరదు. 1975 నాటి ఫారియర్ల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరులో పేరు లేని మామూలు మనిషి తన సొంత గుర్రానికి కూడా నాడా కొట్టకూడదు. గుర్తింపు ఉన్న గురువు దగ్గర నాలుగేళ్ల పాటు అప్రెంటిస్‌గా ఉండి, డిప్లొమా పరీక్ష నెగ్గాక గానీ అక్కడ చేతికి స్వతంత్రంగా పని రాదు. అయితే ఆ చట్టం చూసేది నాడా పనినే. నాడా లేకుండా గిట్టలను చెక్కి సరిచేసే పని, అంటే బేర్‌ఫుట్ ట్రిమ్మింగ్, దాని పరిధిలోకి రాదు. ఈ తేడా తెలియక బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు కూడా ట్రిమ్మర్లందరూ రిజిస్టర్డ్ అనుకుంటారు.

అమెరికాలో చట్టం అడగని పరీక్షను అమెరికన్ ఫారియర్స్ అసోసియేషన్ అనే సంఘమే పెడుతోంది. ఈ సంఘం 1971లో ఏర్పడింది. సర్టిఫైడ్ ఫారియర్, ఆపైన ట్రేడ్స్‌మన్, ఆపైన జర్నీమన్ అనేవి దాని మూడు మెట్లు. ఎవరూ బలవంతం చేయని పరీక్షకు వచ్చి నిలబడటంలోనే నాకు మొదటి విలువ కనిపిస్తుంది.

ఫారియర్ స్కూలు ఇచ్చే పత్రాన్ని దీనితో కలపకండి. ఇక్కడ కొన్ని వారాల కోర్సులు ఉన్నాయి, కొన్ని నెలల కోర్సులూ ఉన్నాయి. కార్నెల్ విశ్వవిద్యాలయపు పశువైద్య కళాశాలలో నడిచే కోర్సు 16 వారాలది. స్కూలు నేర్పుతుంది, తాను నేర్పినదానికి తానే పత్రం ఇస్తుంది. సర్టిఫికేషన్‌లో మన పనిని కొలిచేవారు వేరు. మన ఫీజుతో సంబంధం లేని, మన పేరు కూడా తెలియని పరీక్షకులు గిట్టను ఎత్తి చూస్తారు. వారాంతపు శిక్షణకు హాజరైతే చాలు 'సర్టిఫైడ్' అని రాసిచ్చే చోట్లు కూడా ఉన్నాయి. అటువంటి కాగితంతో మా ప్రాంతంలో ఒకరు చెక్కిన పోనీ చాలా వారాలు గులకరాళ్ల మీద అడుగు వేయలేకపోయింది. గిట్ట అడుగుభాగాన్ని అంత పల్చగా కోసేశారు. నాకు ఈ విషయంలో ఇప్పటికీ కోపం తగ్గలేదు.

పరీక్షలో మూడు భాగాలు ఉంటాయి: రాతపరీక్ష, నాడాల ప్రదర్శన, గుర్రం మీద పని. కనీసం ఏడాది అనుభవం ఉన్నవారికే మొదటి మెట్టు పరీక్ష రాసే అవకాశం.

నాడాల ప్రదర్శన చాలామందికి అనవసరమైన శ్రమగా తోస్తుంది. నాకు మటుకు అదే అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. కొలిమిలో ఇనుము కాల్చి, దాగలి మీద పెట్టి, క్లిప్పులు (గిట్టను పట్టి ఉంచే చిన్న ఇనుప రెక్కలు) తీయడం, ముందు అంచును మలచడం వంటి మార్పులు చేసిన నాడాలను ఒక బోర్డు మీద అమర్చి పరీక్షకుల ముందు పెట్టాలి. వాటిని ఇంటి దగ్గరే చేసుకోవచ్చు, ఎన్నిసార్లైనా మళ్లీ చేసుకోవచ్చు. అక్కడే ఉంది కష్టం. తొందర లేనప్పుడు కూడా మేకు రంధ్రం వంకరగా వచ్చిందంటే చేతికి ఇంకా పట్టు రాలేదని అర్థం. ఎర్రగా కాలిన ఇనుము ఎంతసేపు మెత్తగా ఉంటుంది, ఏ వేడి దగ్గర సుత్తి ఆపేయాలి అనేవి ఆ బోర్డు కోసం కూర్చున్న సాయంత్రాల్లోనే వంటబట్టాయి. ఈ రోజు బజారులో అన్ని సైజుల నాడాలు తయారుగా దొరుకుతాయి కదా, ఇదంతా ఎందుకని అడుగుతారు. తయారు నాడా సగటు గిట్టకు సరిపోతుంది. ఎడమ కాలు, కుడి కాలు ఒకేలా లేని గుర్రానికి దాన్ని మార్చగలిగిన చెయ్యి కావాలి. అలాంటి గుర్రాలే ఎక్కువ.

ప్రాక్టికల్‌లో నిర్ణీత సమయంలో నాలుగు గిట్టలూ చెక్కి నాడాలు కొట్టాలి. పరీక్షకులు చూసేవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ ప్రతి దాని వెనుకా ఒక కారణం ఉంది. మేకు గిట్ట గోడలోనే, అంటే గిట్ట బయటి గట్టి పొరలోనే నడిచి, దాదాపు మూడో వంతు ఎత్తులో బయటికి రావాలి. మరీ కిందికి వస్తే నాడా ఊడుతుంది, లోపలికి జరిగితే జీవం ఉన్న కండకు గుచ్చుకుంటుంది. బయటికి వచ్చిన కొసలను కత్తిరించి, మడిచి, నునుపుగా అణచాలి. మడమల దగ్గర నాడా ఎంత వెడల్పుగా ఉంది, గిట్ట రెండు వైపులా నేలను సమంగా తాకుతోందా, నాడాకూ గిట్టకూ మధ్య వెలుతురు కనిపిస్తోందా అన్నీ చూస్తారు. ఆ రోజు మన ముందు నిలబడే గుర్రం స్వభావం కూడా ఫలితాన్ని మారుస్తుంది, నిజమే. కానీ రోజువారీ పనిలో కూడా గుర్రాన్ని మనం ఎంచుకోలేం కదా.

రాతపరీక్ష గురించి రెండు ముక్కలు. గిట్ట లోపల ఉండే కాఫిన్ ఎముక, దాని వెనుక చిన్న నావిక్యులర్ ఎముక, వాటి వెనుకగా దిగే లోతు స్నాయువు, రక్తప్రసరణ, నడక తీరు ఇవన్నీ చదవాలి. పుస్తకం చదివి మార్కులు తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. దాని ఫలం తర్వాత కనిపిస్తుంది, పశువైద్యులతో మాట్లాడేటప్పుడు.

ల్యామినైటిస్ వచ్చిన గుర్రాన్ని చూసినవారికి నేను చెప్పేది అర్థమవుతుంది. గిట్ట గోడను కాఫిన్ ఎముకకు పట్టి ఉంచే పొరలు వాచి, బలహీనపడి, విడిపోతాయి. వసంతంలో చక్కెర ఎక్కువగా ఉన్న పచ్చిక, ఇన్సులిన్ సమస్య, పెద్ద వయసులో వచ్చే పిట్యూటరీ జబ్బు దీనికి తరచుగా కనిపించే కారణాలు. గుర్రం బరువును వెనక్కి వేసుకుని, ముందు కాళ్లు చాచి నిలబడుతుంది. అటువంటప్పుడు డాక్టర్ ఎక్స్‌రే తీసి ఎముక ఎంత తిరిగిందో, అడుగు ఎంత మందం మిగిలిందో చెబితే, ముందుభాగాన్ని ఎంత వెనక్కి తేవాలో ఆ కొలతను బట్టి నేను చెక్కుతాను. ఇద్దరం ఒకే భాషలో మాట్లాడుకోవడం ఆ గుర్రానికి ప్రాణంతో సమానం. సర్టిఫికెట్ చూసి నన్ను పిలిచిన యజమానులు చాలా తక్కువ. ఆ అర్హత చూసి నాకు కేసులు పంపింది పశువైద్యులే. సంపాదన పెరిగిందా అని అడిగేవారికి నా జవాబు ఇదే: ఒక్కో గుర్రానికి తీసుకునే డబ్బు పెద్దగా మారలేదు, వచ్చే పని మారింది.

ఇక ఆ ఒక్క మార్కు.

పరీక్ష ఒక పూట పని. గిట్ట పైన వెంట్రుకల అంచు దగ్గర పుట్టిన గిట్ట గోడ, ముందువైపు నేల దాకా దిగడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మేము ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి వెళ్తాం. కాబట్టి ఒక రోజు ఎంత ముచ్చటగా చెక్కినా, ఆ చెక్కుడు సరైనదో కాదో పూర్తిగా తేలేది ఏడాది తర్వాతే. పరీక్షకులు తాజాగా ఆకురాయి పట్టిన గిట్టను చూస్తారు. ఆ గిట్ట ఎనిమిదో వారంలో ఎలా ఉందో, నాలుగోసారి చెక్కే నాటికి ఏమైందో చూసే ఏర్పాటు నేను రాసిన పరీక్షలో లేదు.

నా దగ్గరికి వచ్చిన ఒక థరోబ్రెడ్ గురించి చెబుతాను. రేసులు మానేసిన గుర్రం. ముందుభాగం పొడవు, మడమలు ముందుకు వాలిపోయి నలిగి ఉన్నాయి. ఈ జాతిలో ఇది తరచుగా చూస్తాం. గిట్టను ఎత్తి అడుగున అత్యంత వెడల్పైన చోట ఒక గీత గీస్తే, కాఫిన్ కీలు తిరిగే కేంద్రం దాదాపు దాని పైనే ఉంటుంది. ఈ గుర్రానికి గీత ముందు చాలా ఎక్కువ, వెనుక చాలా తక్కువ ఉంది. ఒకే రోజులో దాన్ని సరిచేయాలని ముందుభాగాన్ని కోసేస్తే అడుగు పల్చబడి కుంటుతుంది. మడమలు ఎత్తుగా కనిపించాలని అలాగే వదిలేస్తే అవి ఇంకా ముందుకు పాకుతాయి. ప్రతిసారీ కొద్దికొద్దిగా ముందు అంచును వెనక్కి తెస్తూ, మడమలను ఫ్రాగ్ (గిట్ట అడుగున మధ్యలో ఉండే మెత్తటి త్రికోణ భాగం) వెడల్పు భాగం వైపు జరుపుతూ పోయాను. మొదటి నెలల్లో పైకి చూస్తే ఏమీ మారినట్టు లేదు. పై నుంచి కొత్తగా దిగుతున్న గోడ మాత్రం పాతదానికన్నా నిటారు కోణంలో వస్తోంది. ఆ మార్పును వేలితో తడిమి చూడవచ్చు. చివరికి ఆ కోణమే నేల దాకా దిగింది. ఆ గుర్రం మొదటి రోజు గిట్టను పరీక్షకు పెడితే చూడటానికి బాగోదు గనుక మార్కులు రావు. అది మాత్రం చేయాల్సిన పనే.

ఈ విషయంలో బేర్‌ఫుట్ ట్రిమ్మింగ్ సంఘాల్లో కొన్ని ముందున్నాయని ఒప్పుకోవాలి. అవి అభ్యర్థిని ఒక గురువుకు అప్పగించి, కొన్ని గుర్రాల గిట్టలను నెలల తరబడి ఫోటోలతో నమోదు చేయమంటాయి. ఆ కేసుల మీదే ప్రశ్నలు వేస్తాయి. పచ్చిక బయళ్లలో తిరిగే గుర్రాలకు చాలావరకు నాడాలు అవసరం లేదని నా నమ్మకం కూడా. కానీ కేవలం ట్రిమ్మింగ్ అర్హత ఉన్నవారికి నాడా ఎప్పుడు తప్పనిసరో తెలిసి, వెంటనే మరొకరిని పిలవమని చెప్పే మనసు ఉండాలి. గోడ చీలి రక్తం కారుతున్న గిట్టకు ఆదర్శాలు చెబితే ఒరిగేది లేదు.

పై మెట్ల సంగతి: జర్నీమన్ పరీక్షలో తయారు నాడాలు ఉండవు, ఇనుప కడ్డీ నుంచి మనమే చేసుకోవాలి. ఇచ్చిన గిట్ట నమూనాకు సరిపోయే బార్ షూ, అంటే అడ్డంగా కడ్డీ ఉన్న నాడా చేయాలి. అది చాలా ఉన్నతమైన నైపుణ్యం. అయినా కొలిమి కన్నా గిట్ట మీద మక్కువ ఉన్నవారు మొదటి మెట్టు దాటాక నిరంతర శిక్షణ మీద డబ్బు పెట్టడం మేలని నా అభిప్రాయం. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ ఫారియర్స్ అనే మరో సంఘం ఈ కొనసాగే చదువునే ప్రధానంగా పెట్టుకుంది. నడుము గురించి కూడా ముందే ఆలోచించండి. ఏ సర్టిఫికెట్టూ దాన్ని కాపాడదు.

హైదరాబాద్ వచ్చినప్పుడల్లా నాల్బందుల, అంటే అక్కడి నాడాలు కొట్టేవాళ్ల పని చూస్తాను. మలక్‌పేట రేసు కోర్సు ఉన్న నగరంలో, పెళ్లి ఊరేగింపు గుర్రాలు తారు రోడ్ల మీదే నడిచే నగరంలో, ఈ విద్య ఎక్కువగా తండ్రి నుంచి కొడుక్కు వస్తోంది. అక్కడ ఒకరు కాలు పట్టుకుంటే మరొకరు నాడా కొడతారు. నాలాగా గిట్టను సొంత మోకాళ్ల మధ్య ఇరికించుకోరు. మేకు కొట్టడంలో వాళ్ల చేతి వాటం చూస్తే నాకు అపారమైన గౌరవం కలుగుతుంది. సైన్యానికైతే మీరట్‌లో రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ (గుర్రాలు, ఇతర జంతువుల బాధ్యత చూసే విభాగం) శిక్షణ కేంద్రం ఉంది. బ్రూక్ ఇండియా వంటి సంస్థలు నాల్బందులకు శిక్షణ ఇస్తున్నాయి. ఆ నైపుణ్యాన్ని కొలిచి, గుర్తించి, పేరు పెట్టి చెప్పే పరీక్ష వాళ్లకు కూడా అందుబాటులో ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను. మరాఠీలోనో హిందీలోనో కాదు, వాళ్లు మాట్లాడే తెలుగులో, ఉర్దూలో.

గుర్రం యజమానులు ఫారియర్‌ను పెట్టుకునేటప్పుడు ఇవి అడగండి. ఏ సంఘం అర్హత, ఏ మెట్టు, పరీక్ష పెట్టింది నేర్పినవారేనా, వేరేవారా? వారి పశువైద్యుడు ఎవరు, ఎక్స్‌రే చూసి చెక్కిన అనుభవం ఉందా? ఆ తర్వాత ఒకే గిట్టకు ఏడాది తేడాతో పక్క నుంచి, అడుగు నుంచి తీసిన ఫోటోలు చూపించమనండి. నేను ప్రతి గుర్రానికీ అవి ఫోనులో దాచి ఉంచుతాను, అడిగినవారికి అక్కడికక్కడే చూపిస్తాను. చూపించడానికి ఏమీ లేనివారి దగ్గర సర్టిఫికెట్ ఉన్నా, మొదటి రెండు మూడు సార్లు పక్కనే నిలబడి గమనించండి.