కాలిఫోర్నియాలో గాయపడితే: పూర్తి జీతమా, మూడింట రెండొంతులా?

ఒకే పోలీసు శాఖ. దొంగ వెంట పరిగెత్తి ఆఫీసరు మోకాలు విరగ్గొట్టుకున్నాడనుకుందాం. షెడ్డులో కారు కింద దూరిన మెకానిక్‌కు భుజం బెణికింది. ఇద్దరివీ సర్కారు కొలువులే.

ఆఫీసరుకు లేబర్ కోడ్ 4850 సెక్షన్ కింద ఏడాది దాకా పూర్తి జీతం. మెకానిక్‌కు సగటు వారపు జీతంలో మూడింట రెండొంతులే, దానికీ గరిష్ఠ పరిమితి. ఆసుపత్రిలో చేరితేనో, పని మానేసి 14 రోజులు దాటితేనో తప్ప మొదటి 3 రోజులకు పైసా రాదు. గుమాస్తాలు, టెలిఫోన్ ఆపరేటర్లు, మెకానిక్‌లు 4850కి బయటివాళ్లేనని చట్టమే పేరుపెట్టి చెప్పింది. నాకిది కర్కశంగానే తోస్తుంది. ఇంటి అద్దెకు ఎవరు ఏ డ్యూటీలో పడ్డారో తెలియదు కదా!

వైద్యం ఖర్చు మాత్రం ఇద్దరికీ యజమానిదే. పైగా ఆఫీసరు ఏడాది కూడా గాయపడి పనిచేయలేని కాలానికి డబ్బిచ్చే 104 వారాల గరిష్ఠ గడువులోంచే కోసుకుంటారు. అప్పటికీ కోలుకోకపోతే మిగతా 52 వారాలూ అతనికీ మెకానిక్ లెక్కే.