ఈజిప్టు చిత్రలిపి: బొమ్మను చూడాలా, శబ్దాన్ని వినాలా?

ఈజిప్టు చిత్రలిపిలోని ప్రతి బొమ్మా ఒక గూఢార్థానికి సంకేతమని నమ్మే పద్ధతికి పాత ఆధారం హోరపొల్లో పేరున గ్రీకు భాషలో మిగిలిన గ్రంథం. ఆ బొమ్మల్లో చాలావరకు శబ్దాలనే సూచిస్తాయన్న పద్ధతిని 1822లో ఫ్రెంచ్ పండితుడు షాంపోలియోన్ నిలబెట్టాడు.

రెండింటికీ తేడా బాతు బొమ్మ దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. పిల్లలపై ఆ పక్షికి అమితమైన ప్రేమ కనుక అది 'కొడుకు'ను సూచిస్తుందని హోరపొల్లో వివరించాడు. అర్థం సరైనదే, కారణం మాత్రం కట్టుకథ: బాతుకూ కొడుకుకూ ఆ భాషలో హల్లులు ఒకటే కావడంతో, ఇంచుమించు 'సా' అని పలికే ఆ శబ్దం కోసమే లేఖకులు బాతును గీశారు. ఈజిప్టు రాజులైన ఫరోల పేర్ల ముందు బాతు, సూర్యబింబం జంటగా కనిపిస్తే 'సూర్యదేవుడు రా కుమారుడు' అని చదవాలి. బాతు తరువాత 'త' శబ్దానికి గుర్తైన రొట్టెను, కూర్చున్న స్త్రీ బొమ్మను చేర్చితే అదే మాట 'కూతురు' అవుతుంది.

శాసనం చదవదలచినవారికి రెండవ పద్ధతి తప్ప గత్యంతరం లేదు. అయితే మొదటిదాన్ని పూర్తిగా కొట్టిపారేయడమూ తొందరపాటే, ఎందుకంటే పైన చెప్పిన స్త్రీ బొమ్మకు ఉచ్చారణ లేదు. అది మాట ఏ వర్గానిదో చూపడానికే ఉంది. నడిచే కాళ్ల బొమ్మ కూడా చలనాన్ని తెలిపే క్రియల చివర ఇలాగే మౌనంగా నిలుస్తుంది.