విమానాశ్రయం నుంచి నగరం నడిబొడ్డుకు: పదకొండేళ్ల ప్రయాణాల తర్వాత నా సమీక్ష

ఉద్యోగరీత్యా పదకొండేళ్లుగా నెలకు ఒకటి రెండుసార్లు విమానం దిగి నగరం నడిబొడ్డుకు చేరుకోవలసి వస్తోంది. రైలు, బస్సు, ట్యాక్సీ మూడింటినీ రకరకాల నగరాల్లో, వేళకాని వేళల్లో కూడా వాడాను. మొదట్లో ఏది ఎంత వేగంగా పోతుందన్నదే చూసేదాన్ని. ఇప్పుడు బెల్టు మీది పెట్టె చేతికందినప్పటి నుంచి బస గది తలుపు తెరిచేదాకా ఎంతసేపు పడుతుందో లెక్కవేస్తున్నాను.

ఈ తేడా నాకు షాంఘైలో తెలిసివచ్చింది. పుడాంగ్ విమానాశ్రయం నుంచి మాగ్లెవ్ రైలు (అయస్కాంత శక్తితో పట్టాను తాకకుండా తేలుతూ పోయేది) దాదాపు 30 కిలోమీటర్ల దూరాన్ని ఎనిమిది నిమిషాల్లో దాటేస్తుంది. అయితే అది ఆగే లాంగ్‌యాంగ్ రోడ్ స్టేషన్ నగరం నడిబొడ్డు కాదు. అక్కడ దిగి, సామానుతో మెట్రోకు మారాలి. లండన్‌లో హీత్రో విమానాశ్రయం నుంచి హీత్రో ఎక్స్‌ప్రెస్ రైలు 15 నిమిషాల్లో పాడింగ్టన్ స్టేషన్‌కు చేరుస్తుంది. కానీ నా బస రస్సెల్ స్క్వేర్ పక్కన కాబట్టి, ఎక్కువసేపు పట్టినా పికడిల్లీ మెట్రో లైనులోనే కూర్చుంటాను; మధ్యలో బండి మారే పని ఉండదు. హాంకాంగ్ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌కు మాత్రం మనస్ఫూర్తిగా పూర్తి మార్కులు వేస్తాను. బయటికి వచ్చే హాలు, ప్లాట్‌ఫారం ఒకే మట్టంలో ఉండటంతో ఒక్క మెట్టయినా ఎక్కకుండా రైలెక్కి, 24 నిమిషాల్లో నగరం నడిబొడ్డయిన సెంట్రల్‌లో దిగవచ్చు.

మెట్లను ఇంతగా పట్టించుకోవడానికి కారణముంది. ఒకసారి అమ్మను వెంటబెట్టుకుని రైల్లో వెళ్తే, దిగిన స్టేషన్లో లిఫ్టు మరమ్మతులో ఉంది. ఒక పెట్టెను పైకి చేర్చి రెండోదాని కోసం కిందికి వచ్చేసరికి, అమ్మ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, కుడికాలు పెట్టిన మెట్టు మీదికే ఎడమకాలు తెచ్చుకుంటూ, మెట్టుమెట్టుకీ ఆగుతోంది. ఆనాటి నుంచి పెద్దవాళ్లో పసిపిల్లలో వెంట ఉంటే ట్యాక్సీ తప్ప మరో ఆలోచన చేయడం లేదు. ముగ్గురు నలుగురు కలిసి వెళ్లేటప్పుడు, తలా ఒక ఎక్స్‌ప్రెస్ రైలు టికెట్ కొనడం కన్నా ట్యాక్సీయే చవకగా పడిన రోజులూ ఉన్నాయి.

ట్యాక్సీలతో నాకున్న అసంతృప్తి ఛార్జీ నిలకడగా లేకపోవడమే. ఒకేసారి నాలుగైదు విమానాలు దిగితే యాప్‌లో ధర చూస్తుండగానే పెరుగుతుంది. పికప్ పాయింటు ఏ అంతస్తులో ఉందో వెతుక్కునేలోపు డ్రైవరు బుకింగ్ రద్దు చేసుకోవడమూ నాకు అనుభవమే. పారిస్‌లో 2016 నుంచి విమానాశ్రయ ట్యాక్సీలకు, సెన్ నదికి ఏ ఒడ్డున దిగుతామన్నదాన్ని బట్టి స్థిరమైన ఛార్జీ ఉంది. న్యూయార్క్‌లో జేఎఫ్‌కే విమానాశ్రయం నుంచి మన్‌హటన్‌కూ మూల ఛార్జీ స్థిరమే. ఈ పద్ధతి అన్నిచోట్లా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. లేనిచోట, హాల్లోనే ఎదురొచ్చి పిలిచేవారి వెంట వెళ్లకుండా అధికారిక ట్యాక్సీ క్యూలోనే నిలబడతాను.

బస్సు చవక, సామాను కింది అరలో పెట్టేస్తారు కనుక ఒంటరి ప్రయాణానికి హాయి. ఆఫీసు వేళల్లో మాత్రం దాన్ని నమ్ముకుని సమావేశం సమయం ఖాయం చేసుకోను.

రాత్రి ఆలస్యంగా దిగే ప్రయాణమైతే, చివరి రైలు ఎన్నింటికో విమానం ఎక్కకముందే చూసుకుంటాను. దానికీ విమానం దిగే వేళకూ మధ్య గంటన్నర వ్యవధి లేకపోతే రైలు టికెట్ ముందుగా కొనను.