మెటల్ వాల్వా, టిష్యూ వాల్వా?

మా ఇంట్లో ఇద్దరికి గుండె వాల్వు మార్చారు. అన్నయ్యకు 38 ఏళ్లప్పుడు మెటల్‌ది, పెదనాన్నకు 69లో టిష్యూది, అంటే జంతువు పొరతో చేసింది. కోత ఒకటే, కుట్లు ఒకటే. ఛాతీ ఎముక అతుక్కునేదాకా, అంటే దాదాపు రెండు నెలలు, ఇద్దరూ బిందె ఎత్తలేదు, బండి నడపలేదు. దగ్గొస్తే దిండు గుండెలకు హత్తుకునే దగ్గారు. తేడా అంతా ఆ తర్వాతే తెలిసింది.

అన్నయ్య వాల్వు రాత్రిళ్లు వినపడుతుంది, టిక్కుటిక్కుమని. మొదట్లో వదినకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఆ చప్పుడు లేకపోతేనే టెన్షనట!

పేరుకు మెటలే గానీ దాని రెక్కలు ఎక్కువగా కార్బన్‌తో చేస్తారు. మామూలుగా జీవితాంతం అరగవు. చిక్కల్లా వాటి మీద రక్తం గడ్డకట్టడమే. అందుకే రక్తం గడ్డకట్టనివ్వని మాత్ర, వార్ఫరిన్‌గానీ ఎసిట్రోమ్‌గానీ, రోజూ ఒకే వేళకు, బతికినన్నాళ్లూ వేసుకోవాలి. మాత్ర సరిపోతోందా లేదా అన్నది ఎప్పటికప్పుడు చేయించుకునే ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష చెబుతుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూసే అంకె అది. అన్నయ్యది మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండేది) కాబట్టి అది 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు. తగ్గితే పక్షవాతం భయం, పెరిగితే రక్తస్రావం భయం. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మాత్రకు అడ్డుపడుతుందని విని, అన్నయ్య కొన్నాళ్లు ఆకుకూర ముట్టలేదు. తర్వాత అత్తారింట్లో వారంపాటు రోజూ తోటకూర, పాలకూర పప్పే. ఐఎన్‌ఆర్ 1.6కు పడింది. "మానేయమని ఎవరన్నారు? వారం వారం ఒకేలా తినండి" అని డాక్టరు కసిరారు. ఇంకోసారి జ్వరమొస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ తుంటికి ఇంజెక్షన్ చేశాడు. లోపల రక్తం చేరి, పది రోజులు నల్లగా కమిలి, కూర్చోలేకపోయాడు.

పెదనాన్నకు ఇవేమీ లేవు. ఆయనది ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో చేసిన వాల్వు. మూడు నెలలకే ఆ మాత్ర ఆపి యాస్పిరిన్ ఇచ్చారు. గోంగూర ఎప్పటిలాగే తింటున్నారు. పన్ను పీకించుకునే ముందు యాంటీబయాటిక్ మాత్రం ఇద్దరికీ తప్పదు.

అయితే టిష్యూ వాల్వు సుమారు 10, 15 ఏళ్లకు పాడవుతుంది, చిన్న వయసువాళ్లలో ఇంకా ముందే. అప్పుడు మళ్లీ ఆపరేషన్. కొందరికి తొడ రక్తనాళం గుండా పాత వాల్వులోనే కొత్తది పెట్టగలుగుతున్నారు గానీ ఖర్చు బాగా ఎక్కువ.

50 లోపైతే మెటల్, 65 దాటితే టిష్యూ అన్నది డాక్టర్ల మామూలు లెక్క. పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్ల దగ్గర ఆ లెక్క తప్పుతుంది. వార్ఫరిన్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి, రెండో ఆపరేషన్ ఉంటుందని తెలిసీ టిష్యూ పెట్టించుకునేవాళ్లున్నారు. నాకది సబబే అనిపిస్తుంది.

అన్నయ్యకు ల్యాబు రెండు వీధుల అవతలే. అదే ప్రతి పరీక్షకూ కూలి పోగొట్టుకుని, 60 కిలోమీటర్లు బస్సులో పోవాల్సిన మనిషైతే, 45 ఏళ్లకైనా టిష్యూ సంగతి ఒకసారి అడిగి చూడమంటాను.