ఇంటి ఆఫీసులో ఇంటర్నెట్ ఫోను: వాడగా తేలింది

విశాఖపట్నం సీతమ్మధారలో ఇంటి నుంచే జీఎస్టీ, ఆదాయపు పన్ను పనులు చూస్తుంటాను. ఫైబర్ కనెక్షన్ మీద నడిచే ఇంటర్నెట్ ఫోను నా బల్ల మీదికి వచ్చి కొన్నేళ్లయింది. చవక అని పెట్టించుకోలేదు, 0891తో మొదలయ్యే ఆఫీసు నంబరు కోసం పెట్టించుకున్నాను. మొబైల్ నంబరు చేతికిస్తే క్లయింట్లకు పగలూ రాత్రీ తేడా ఉండదు. నెలవారీ జీఎస్టీ లెక్క చూపే 3బీ రిటర్నుకు గడువు 20వ తేదీ అయితే, 19 అర్ధరాత్రి గుర్తొచ్చేవాళ్లే ఎక్కువ. ఇప్పుడు సాయంత్రం ఏడు దాటితే ఆ నంబరులో రికార్డు చేసిన సందేశం పలుకుతుంది. ఈ ఒక్క సుఖానికే నెలవారీ ఛార్జి గిట్టుబాటవుతోంది.

స్పీడు బాగుంటే మాట బాగుంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. అది సగమే నిజం. మాటను డేటాగా మార్చే జీ.711 పద్ధతిలో ఒక కాల్‌కు ఒక్కో దిశలో 90 కేబీపీఎస్ కూడా పట్టదు. 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌కు అదొక లెక్కా? అయినా మా ఇంట్లో బిల్లుల స్కాన్లు క్లౌడ్‌కు ఎక్కుతున్నంతసేపూ మాట ముక్కలు ముక్కలుగా వినిపించేది. రౌటర్‌లో పెద్ద ఫైళ్లు బారులు తీరితే మాటల చిన్న ప్యాకెట్లు వాటి వెనక నిలబడాలి. ఫైలు అర సెకను ఆలస్యమైతే ఎవరికీ తెలియదు, మాట ఆలస్యమైతే ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం మొదలవుతుంది. రౌటర్‌లో ఫోనుకు ప్రాధాన్యమిచ్చి, అప్‌లోడ్‌కు పరిమితి పెట్టి, ఫోను పెట్టెను వైఫై మీద కాకుండా కేబుల్‌తో కలిపాక ఆ బాధ తీరింది.

అసలు తలనొప్పి రౌటరు మార్చాక వచ్చింది. అచ్యుతాపురం క్లయింటు ఒకాయన ఫోను చేసి, "సార్, నోటీసు వచ్చిందండీ" అన్నారు. ఆయన గొంతు నాకు శుభ్రంగా వినిపిస్తోంది, నేను చెప్పేది ఆయనకు చేరడం లేదు. "హలో, హలో" అంటుండగానే కాల్ తెగిపోయింది. మళ్లీ చేశారు, మళ్లీ అంతే. కాల్ రికార్డు తీసి చూస్తే తెగిన ప్రతి కాల్ నిడివీ 32 సెకన్లే. లైను పాడైతే ఇంత లెక్కగా తెగదు కదా! కాల్ ఎత్తిన సమాచారం వెళ్లాక, అందిందని తిరుగు సందేశం రావాలి. అది 32 సెకన్లలో రాకపోతే ఇంటర్నెట్ కాల్స్‌ను కలిపే, ముగించే సిప్ నియమాల ప్రకారం కాల్ ముగిసిపోతుంది. ఆ సందేశాన్ని దారిలో చెడగొడుతున్నది రౌటర్‌లోని సిప్ ఏఎల్‌జీ. పేరుకు ఇంటర్నెట్ ఫోనుకు సాయపడే ఏర్పాటే గానీ, చాలా రౌటర్లలో అది చేసేది చెరుపే. సహాయ కేంద్రం వారు మాత్రం రౌటరు ఆపి మళ్లీ వేయమనడం తప్ప మరో మాట ఎత్తలేదు. సెట్టింగుల్లో సిప్ ఏఎల్‌జీ టిక్కు తీసేశాను, రోగం కుదిరింది.

కరెంటు సంగతి మరొకటి. పాత రాగి తీగ ఫోనుకు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల విద్యుత్తు వచ్చేది కాబట్టి ఇల్లంతా చీకటైనా అది మోగేది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురే, దాంతో ఫోను మోగదు. ఇంట్లోకి ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టెకు, రౌటరుకు, ఫోను పెట్టెకు కలిపి చిన్న యూపీఎస్ పెట్టాను. కొనేముందు ఒక్కో అడాప్టరు మీద వోల్టులు చూసుకోండి, అన్నీ 12 ఉండవు. అయినా స్తంభాల మీద వేలాడే కేబుల్ గాలికి తెగితే యూపీఎస్ ఉండి ప్రయోజనం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు మనది, అలాంటి రోజున మొబైల్ మీదా ఆశ పెట్టుకోలేం. మామూలు గాలివానలకు మాత్రం, మన పెట్టె పలకనప్పుడు కాల్‌ను సర్వర్ నుంచే మొబైల్‌కు మళ్లించే సౌకర్యం బాగా పనికొస్తుంది. అది ఉందో లేదో ముందే అడగండి.

బ్యాంకు హెల్ప్‌లైన్లలో నొక్కిన అంకె ఒకటికి రెండుగా పడే చిక్కు కూడా ఉండేది. నొక్కిన అంకెలు ఎలా వెళ్లాలో చెప్పే డీటీఎంఎఫ్ సెట్టింగును, అంకెను మాటతో కలపకుండా విడిగా పంపే ఆర్ఎఫ్‌సీ 2833 పద్ధతికి మార్చాక చాలావరకు పోయింది. ఒక బ్యాంకు దగ్గర మాత్రం ఇప్పటికీ అదే తంతు, దానికి మొబైల్ నుంచే చేస్తున్నాను.