అక్క టిఫిన్ సెంటర్‌లో మూడు నెలలు టికింటర్ వాడాక

గుంటూరులో మా అక్కది టిఫిన్ సెంటర్. "ఒరేయ్ తమ్ముడూ, పేరు నొక్కితే బిల్లులో పడేలా ఏదన్నా చేసిపెట్టరా" అంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో కిటికీలు (విండోలు), బటన్లు చేసుకునే లైబ్రరీ టికింటర్. విండోస్‌లో పైథాన్ వేసుకుంటే టికింటర్ దాంతోపాటే వస్తుంది, పైసా ఖర్చు లేదు. ఉబుంటులో అయితే పైథాన్3-టీకే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి.

మొదట 24 ఐటమ్‌లకూ 24 బటన్లు చేత్తో రాశాను. ఒక్కోదానికి రెండు లైన్లు, అంతా కాపీ పేస్టే. మర్నాడే "అక్షరాలు ఆనట్లేదురా" అంది అక్క. ఫాంట్ సైజు 24 చోట్ల మార్చాలి. మారుస్తూ పోతే ఉప్మా, పూరీ రెండూ పాత సైజులోనే మిగిలిపోయాయి. అప్పుడు మొత్తం తీసేసి, పేర్లూ ధరలూ ఒకే లిస్టులో పెట్టి, ఒక్కోదానికీ అదే పని తిరిగి చేసే ఫర్ లూప్ రాశాను. పైథాన్‌లోని ఎన్యూమరేట్ ఒక్కో ఐటమ్‌కి వరుస సంఖ్య ఇస్తుంది. అడ్డవరుసకు 4 బటన్లు కాబట్టి, దాన్ని భాగఫలం, శేషం రెండూ ఇచ్చే డివ్‌మాడ్‌తో 4తో భాగిస్తే బటన్ ఎక్కడుండాలో తేలిపోతుంది: 14కి భాగఫలం 3, శేషం 2, అంటే అడ్డవరుస 3, నిలువువరుస 2, లెక్క సున్నా నుంచి. ఈ గ్రిడ్ పద్ధతి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పొంగల్ కొత్తగా పెడితే లిస్టులో ఒక్క లైను చేర్చాను, అంతే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక్క విషయం ముందే తెలుసుకోండి. లూప్ రాసి ఇడ్లీ నొక్కితే బిల్లులో కాఫీ పడింది. దోసె నొక్కినా కాఫీయే. లిస్టులో చివరిది కాఫీ. బటన్ నొక్కితే ఏం చేయాలో చెప్పేది కమాండ్. దానికి ఇచ్చిన లాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్), బటన్ తయారైనప్పుడు కాదు, నొక్కినప్పుడు వేరియబుల్‌ని చూస్తుంది. అప్పటికి లూప్ ముగిసి, అందులో చివరి పేరే ఉంటుంది. లాంబ్డా పక్కన "పేరు=పేరు" అని డిఫాల్ట్ విలువగా రాస్తే ఏ బటన్ పేరు దానికే అంటుకుంటుంది. ఇది పైథాన్ తీరు, టికింటర్ తప్పు కాదు. కానీ ఇక్కడ తగిలినంత గట్టిగా ఇంకెక్కడా తగలదు.

కిటికీ పెద్దది చేస్తే బటన్లు మధ్యలో చిన్నగానే ఉండిపోతాయి. మిగిలిన చోటు పంచుకునేలా అడ్డ, నిలువు వరుసలకు వెయిట్ 1 ఇవ్వాలి, బటన్ గడి అంచులకు అంటుకునేలా స్టిక్కీ నాలుగు దిక్కులా పెట్టాలి. దానికీ చిన్న లూప్ చాలు.

రూపం మాత్రం పాతకాలందే. టికింటర్ వెనకున్న టీకే 1991 నాటిది. అందులోనే కొత్త రూపంతో వచ్చే టీటీకే బటన్లు కాస్త నయం, కానీ వాటికి ఫాంట్ నేరుగా ఇవ్వలేం, విడిగా స్టైల్ (రూపం సెట్టింగ్) రాయాలి. అందుకే నేను మామూలు బటన్లతోనే ఉన్నాను. అక్కకు అందం కన్నా పెద్ద అక్షరాలు ముఖ్యం.

లూప్‌లో చేసిన బటన్లన్నీ పేరుతో డిక్షనరీలో (పేరు చెబితే విలువ ఇచ్చే పట్టికలో) దాచుకోండి, లేకపోతే తర్వాత ఏదీ విడిగా చేతికి అందదు. పది గంటలకు పెసరట్టు పిండి అయిపోగానే అక్క "అయిపోయింది" నొక్కుతుంది, ఆ ఒక్క బటన్ బూడిద రంగుకి మారుతుంది.