చిన్న గిటార్ యాంప్: కటానా మినీనా, స్పార్క్ మినీనా?

మా అన్నయ్య కొడుకు ఇంటర్ పరీక్షలు అయ్యాక ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు. దాని శబ్దాన్ని పెంచి స్పీకర్‌లో వినిపించే పెట్టే యాంప్. "బాబాయ్, చిన్న యాంప్ కొనాలి. బాస్ (BOSS) వాళ్ల కటానా మినీ తీసుకోనా, పాజిటివ్ గ్రిడ్ వాళ్ల స్పార్క్ మినీ తీసుకోనా?" అని అడిగాడు. రెండూ నేను వాడి చూసినవే. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు వాట్ల లెక్క పక్కన పెట్టేయండి. కటానా 7 వాట్లు, స్పార్క్ 10 వాట్లు. ఆ తేడా చెవికి పెద్దగా తెలియదు. శబ్దం రెట్టింపు అయినట్టు అనిపించాలంటే వాట్లు ఇంచుమించు పది రెట్లు పెరగాలి. అపార్ట్‌మెంట్ గదికి ఈ రెండూ ఎక్కువే, డ్రమ్స్ పక్కన రెండూ చాలవు.

అసలు తేడా చేతిలో ఉంది. కటానా మీద అన్నీ నాబ్‌లే: గెయిన్ (శబ్దాన్ని గరుకుగా చేసేది), వాల్యూమ్, బేస్, మిడిల్, ట్రెబుల్, కొంచెం డిలే (ప్రతిధ్వని). బాగా గరుకైన బ్రౌన్, కొద్దిగా గరుకైన క్రంచ్, శుభ్రమైన క్లీన్ అని మూడు సౌండ్లు. క్రంచ్‌లో గెయిన్ సగానికి పెట్టి, గిటార్ మీదున్న వాల్యూమ్‌ని కొద్దిగా తగ్గించి చూడండి, గరుకుతనం పోయి తీగ శుభ్రంగా మోగుతుంది. మళ్లీ పెంచితే గరగరలాడుతుంది. గెయిన్ అంటే ఏమిటో, మిడిల్ తగ్గిస్తే ఏం పోతుందో నేర్చుకునేవాడికి అలా వేళ్లతోనే తెలియాలి.

స్పార్క్ మినీ మీద ట్రెబుల్ నాబ్ లేదు. నాలుగు ప్రీసెట్లు, అంటే ముందే సిద్ధం చేసి దాచిన సౌండ్లు, మార్చుకోవచ్చు, అంతకు మించి సౌండ్ సరిచేయాలంటే ఫోన్‌లో యాప్ తెరవాలి. అందులో 33 యాంప్ మోడళ్లు (వేర్వేరు యాంప్‌ల సౌండ్‌కి నకళ్లు), 43 ఎఫెక్టులు. ఎంత బాగున్నా, కొత్తవాళ్లకు అదే చిక్కు. అరగంట ప్రాక్టీసులో ఇరవై నిమిషాలు ప్రీసెట్లు మార్చడానికే పోతాయి. ఈలోగా వాట్సాప్ మెసేజ్ వస్తుంది, గిటార్ ఒళ్లో అలాగే ఉంటుంది. నాకు జరిగింది కాబట్టే చెబుతున్నాను.

పాటతో కలిసి వాయించాలంటే మాత్రం స్పార్క్‌దే పైచేయి. బ్లూటూత్ ఉంది, రెండు చిన్న స్పీకర్లలో పాట విశాలంగా వినిపిస్తుంది. కటానా మినీకి బ్లూటూత్ లేదు, ఆక్స్ వైరు పెట్టాలి. ఫోన్‌కి హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే టైప్-సీ కన్వర్టర్ కూడా కొనుక్కోవాలి. చాలామందికి ఒక సందేహం వస్తుంది: బ్లూటూత్‌లో ఆలస్యం ఉంటుంది కదా అని. పాటంతా ఒకేలా ఆలస్యంగా వస్తుంది, మనం విన్నదానికి వాయిస్తాం కాబట్టి ఇబ్బంది లేదు. మన గిటార్ శబ్దాన్నే బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో వినాలంటే కుదరదు, మీటిన తర్వాత వినిపిస్తుంది. రాత్రి ప్రాక్టీసుకి వైరున్న హెడ్‌ఫోనే పెట్టండి. రెండిటికీ ఆ జాక్ ఉంది.

కటానాకి ఆరు AA పెన్సిల్ సెల్స్ కావాలి, ఆల్కలైన్ అయితే సుమారు 7 గంటలు వస్తాయి. స్పార్క్ మినీది లోపలే ఉండే బ్యాటరీ, చార్జింగ్ పెడితే 8 గంటల దాకా అంటారు. రోజూ వాడేవాళ్లకు సెల్స్ ఖర్చు తగులుతుంది, అందుకే ఇంట్లో ఉన్నప్పుడు కటానాని అడాప్టర్ మీద నడపాలి. ఇక్కడే జాగ్రత్త. గిటార్ పెడళ్ల (కాలితో నొక్కే ఎఫెక్టు పెట్టెల) మాదిరే దానికి కావలసింది 9 వోల్టులు, పిన్ను మధ్యలో నెగటివ్. నేను ఒకసారి నా పాత యాంప్‌కి పిన్ను పట్టింది కదా అని వైఫై రౌటర్ అడాప్టర్ పెట్టాను. సన్నగా వాసన వచ్చింది, ఆ యాంప్ మళ్లీ మోగలేదు. అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న వోల్టులు, ప్లస్ మైనస్ బొమ్మ చూశాకే గుచ్చండి.

పికప్ (తీగల శబ్దాన్ని యాంప్‌కి పంపే భాగం) ఉన్న అకౌస్టిక్ గిటార్ వాళ్లకు కటానా మినీ సరైనది కాదు, స్పార్క్ మినీ అయితే పనికొస్తుంది. పాడుతూ వాయించేవాళ్లయితే మైకుకి వేరే చానల్ ఉన్న రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ లాంటివి చూడాలి.

మావాడికి కటానా మినీయే చెప్పాను. రెండేళ్లుగా వాయిస్తూ, పాటల మీద ప్రాక్టీస్ చేసేవాడైతే స్పార్క్ మినీ అని ఉండేవాణ్ని.

కొన్నాక మొదటి రోజే ఫోన్ చేశాడు, "బాబాయ్, సౌండ్ బొంగురుగా ఉంది" అని. ఎక్కడ పెట్టావురా అంటే, నేల మీద, గోడ మూలకి ఆనించి. మూలన పెడితే బేస్ ఉబ్బుతుంది, ట్రెబుల్ అంతా పాదాలకి తగులుతుంది. ప్లాస్టిక్ స్టూల్ మీద, గోడకి రెండడుగుల ఇవతల పెట్టమన్నాను. ఫోన్ పెట్టకుండానే జరిపి, ఒక తీగ మీటి వినిపించాడు.